నీలాలు మోసుకొచ్చిన గుడ్లు

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున ఒక వాగు. వాగు ఒకచోట మెలిక తిరిగి, కాసేపు ఆగి, లోతైన మడుగయింది. ఆ మడుగులో జరిగిన సంగతి చెబుతాను, వినండి పిల్లలూ. మధ్యలో నా గొంతు పెరిగితే మీ మీద కోపం అనుకోకండి. ఈ కథ ఎప్పుడు చెప్పినా నాకు కోపం వస్తుంది. చల్లగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ మడుగులో నీలాలు అనే కొర్రమీను ఉండేది. దాని మగడి పేరు గవరయ్య. కొర్రమీను అంటే మీకు తెలుసుగా, పాముతలలాంటి తల, నల్లటి వీపు, బలమైన తోక. మిగతా చేపలు నీళ్ళలోనే ఊపిరి తీసుకుంటాయి. కొర్రమీను అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి కూడా మింగుతుంది. వానపడి నేల తడిగా ఉంటే కొంతదూరం పాక్కుంటూ పోగలదు కూడా.

కొర్రమీను గుడ్లు పెట్టి వదిలేసి పోయే రకం కాదు. వానాకాలం రాగానే నీలాలు, గవరయ్య కలిసి నాచు మధ్యలో గుండ్రంగా చోటు చేసేవాళ్ళు. అదే వాళ్ళ గూడు. నీలాలు గుడ్లు పెట్టేది. అవి సజ్జగింజలంత ఉండి, పచ్చగా మెరుస్తూ, నీటిమీద తేలేవి. రెండు రోజుల్లో పిల్లలయ్యేవి. పిల్లలు పెద్దయ్యేదాకా ఇద్దరూ కాపలా. దగ్గరికి పాము వచ్చినా, కొంగ వచ్చినా, గవరయ్య ఎగిరి కొట్టేవాడు. ఒక ఏడు ఒక కొంగ గూడు దగ్గర కాలు పెడితే, ఆ కాలు పట్టుకుని కొరికాడు. కొంగ పది రోజులు కుంటింది.

మడుగులో వాళ్ళే కాదు. వెండిరేకుల్లా మెరిసే పరిగెలు, బరువుగా కదిలే బొచ్చెలు, బురదలో దూరే జెల్లలు, కప్పలు, ఒక ముసలి తాబేలు, అందరూ ఉండేవారు. ఒకరినొకరు తినేవారు కూడా. అయినా ఎవరి పిల్లలు వాళ్ళకి పుట్టేవి, ఎవరి తిండి వాళ్ళకి దొరికేది.

ఆ కాలంలో జంతువులు కూడా సేద్యం చేసేవి. వాగు గట్టు పొడవునా వాటి వరిమళ్ళు. మడుగుకి సరిగ్గా ఎగువన ఉన్న పెద్ద పొలం ఏదుపంది ముళ్ళయ్యది. ముళ్ళయ్య చెడ్డవాడని ఎవరూ అనేవారు కాదు. కష్టపడేవాడు. ప్రతి ఏడూ నాట్లయ్యాక అతను, పెళ్ళాం, పిల్లలు, ఊళ్ళో బాతులు కలిసి పది రోజులు నడుం వంచి కలుపు తీసేవారు. ఊదగడ్డి పీకేవారు, తుంగ పీకేవారు. నడుములు పట్టేసేవి. ఆ మాట నిజం.

కొంగ కుంటిన మరుసటి ఏడు ముళ్ళయ్య పట్నం సంతకి వెళ్ళి ఒక తెల్లటి డబ్బా తెచ్చాడు. అందులో కలుపు మందు. చల్లితే చాలు, గడ్డి దానంతటదే మాడిపోతుందట.

డబ్బా మీద అక్షరాలున్నాయి. ముళ్ళయ్యకి చదువొచ్చు. గట్టుమీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. పెళ్ళాం పక్కన నిలబడి, "ఏం రాశారు దానిమీద?" అని అడిగింది.

"ఏముంది, కలుపు చస్తుందని రాశారు," అన్నాడు ముళ్ళయ్య.

అది కాదు పిల్లలూ అక్కడ రాసింది. ఆ మాట ఒక్కటే కాదు. చల్లిన తరువాత ఏడు రోజులు పొలంలో నీళ్ళు బయటికి వదలకూడదని రాశారు. వాగుల పక్కన చల్లకూడదని రాశారు. పారే నీళ్ళలో డబ్బా కడగకూడదని రాశారు. చేపలకి హాని అని ఎర్ర అక్షరాలతో రాశారు. ముళ్ళయ్య అవన్నీ చదివాడు. చదివి, ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు.

మందు చల్లాడు. రెండు రోజులు నీళ్ళు కట్టి ఉంచాడు. మూడోరోజు గట్టిగా వాన పడింది. పొలంలో నీళ్ళు పెరిగి, పల్లంలో ఉన్న నాలుగు వరసల నాట్లు మునిగిపోయేలా కనిపించాయి. గట్టుకి గండి కొడితే నీళ్ళు వాగులోకి పోతాయి. నీళ్ళతో మందూ పోతుంది. కొట్టకపోతే నాలుగు వరసల వరి పోతుంది.

ముళ్ళయ్య గట్టుమీద నిలబడి ఒకసారి మడుగు వైపు చూశాడు. ఒకసారి తన వరి వైపు చూశాడు. గండి కొట్టాడు. అంతటితో ఆగలేదు. ఖాళీ డబ్బాని రేవులోకి తీసుకెళ్ళి, ముంచి, గలగలమని కడిగి, ఇంటికి పట్టుకుపోయాడు.

తెలియక చేసినవాడి మీద నాకింత కోపం ఉండదు. ముళ్ళయ్యకి తెలుసు.

ఆ సాయంత్రానికి మడుగులో ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. మూడోరోజు పరిగెలు తిక్కతిక్కగా ఈదడం మొదలుపెట్టాయి. ఒకచోటే గుండ్రంగా తిరిగేవి. ఉన్నట్టుండి ఆగిపోయేవి. ఎవరైనా తగిలితే తప్ప కదిలేవి కావు.

"మొప్పలు మండుతున్నాయి అక్కా," అంది ఒక పరిగె నీలాలుతో. "ఎంత నీళ్ళు తీసుకున్నా ఊపిరి చాలడం లేదు."

నీలాలు దాని చెంప ఎత్తి చూసింది. ఎర్రగా ఉండాల్సిన మొప్పలమీద తెల్లటి జిగురు పేరుకుని ఉంది.

మడుగువాళ్ళంతా మాట్లాడుకుని కప్పని ముళ్ళయ్య దగ్గరికి పంపారు. కప్ప గంతులేసుకుంటూ పొలానికి వెళ్ళింది.

"ముళ్ళయ్య మామా, నీ పొలం నీళ్ళు మడుగులోకి వచ్చాయి. చేపలకి ఊపిరి ఆడడం లేదు. ఆ గండి మూసెయ్యి మామా," అంది కప్ప.

"ఎన్ని చచ్చాయి?" అన్నాడు ముళ్ళయ్య.

"ఇంకా ఏవీ చావలేదు."

"చావనప్పుడు నా దగ్గరికెందుకొచ్చావు? వానాకాలం కొత్తనీరు వస్తే చేపలు అట్లాగే తిరుగుతాయి. చచ్చినప్పుడు చెప్పు, చూద్దాం."

కప్ప తిరిగొచ్చింది. ముళ్ళయ్య ఇంకోసారి మందు కొట్టాడు, ఈసారి గట్లమీద గడ్డికి. వాన మళ్ళీ కడిగి తెచ్చి మడుగులో పోసింది.

ఈసారి నాచు చచ్చింది. కలుపు మందుకి పొలంలో గడ్డేదో, నీళ్ళలో నాచేదో ఏం తెలుస్తుంది? రెండూ పచ్చగానే ఉంటాయి. నాచు ముందు పసుపు రంగుకి వచ్చింది, తరువాత గోధుమ రంగుకి వచ్చింది, తరువాత అడుగుకి దిగి కుళ్ళింది. కుళ్ళే నాచు నీళ్ళలో ఉన్న కాస్త గాలినీ లాగేసింది. తెల్లవారేసరికి బొచ్చెలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుచుకుని ఉండేవి. నాచులో పురుగుల్ని తిని బతికే చిన్నచేపలకి తిండి లేకుండా పోయింది. నాచులో దాక్కునే పిల్లచేపలకి చోటు లేకుండా పోయింది. నీటిపాములు, కొంగలు ఏ కష్టమూ లేకుండా తిని పోయాయి. చావు ఎక్కడా గుట్టగా కనబడలేదు. ఇవాళ పది తగ్గేవి, రేపు ఇరవై తగ్గేవి.

రెండోసారి ముసలి తాబేలు వెళ్ళింది. దాని నడకకి పొలం చేరేసరికి మధ్యాహ్నమయింది.

"నాయనా ముళ్ళయ్యా, మీ తాత కాలం నుంచి నేనీ మడుగులో ఉన్నాను," అంది తాబేలు. "మడుగులో నాచు పోయింది. చేపలు సగమయ్యాయి. నువ్వు ఆ మందు ఆపాలి."

"శవాలేవి అవ్వా?" అన్నాడు ముళ్ళయ్య. "సగం చేపలు చస్తే వాగంతా తేలాలి కదా. నాకొక్కటీ కనబడలేదు. కింది మడుగుకి పోయి ఉంటాయి. చేపలకి కాళ్ళు లేకపోయినా తోకలున్నాయిగా."

అని నవ్వాడు. పక్క పొలంలో అడవిపంది కూడా నవ్వింది. ఎందుకంటే ముళ్ళయ్య పొలంలో ఒక్క కలుపుమొక్క లేదు. ముళ్ళయ్య పిల్లలు హాయిగా ఆడుకుంటున్నారు. అడవిపంది ఇంకా నడుం వంచి తుంగ పీకుతోంది. దానికీ ఆ డబ్బా కావాలి.

తాబేలు తిరిగొచ్చింది.

నీలాలు అప్పటికే గుడ్లు పెట్టింది. నాచు లేదు కాబట్టి రెండు ఎండుతుంగ పరకలు అడ్డం పెట్టి గూడు కట్టుకున్నారు. గవరయ్య కాపలా ఉన్నాడు. కానీ అతను మునుపటి గవరయ్య కాదు. ఒంటిమీద పుళ్ళు లేచాయి. కళ్ళు మసకగా ఉన్నాయి. నీలాలు పిలిస్తే రెండోసారికి గాని తల తిప్పేవాడు కాదు.

"నువ్వు కాసేపు లోతుకి పోయి పడుకో, నేను చూసుకుంటాను," అంది నీలాలు.

"నాకేం కాలేదు," అన్నాడు గవరయ్య. "కొంచెం మత్తుగా ఉంది. అంతే."

నీలాలు తిండి వెతుక్కుంటూ అవతలి ఒడ్డుకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గవరయ్య లేడు. పొద్దుపోయేదాకా మడుగంతా తిరిగింది. పిలిచింది. ఎవరూ పలకలేదు.

గుడ్లు మాత్రం ఉన్నాయి. రెండు రోజులయింది, మూడు రోజులయింది. పచ్చగా ఉండాల్సిన గుడ్లు తెల్లబడ్డాయి. లోపల చిన్న నల్లచుక్కలా కనబడాల్సిన కన్ను ఒక్కదానిలోనూ కనబడలేదు. అయినా నీలాలు తోకతో వాటికి మెల్లగా నీళ్ళు విసురుతూనే ఉంది. అయిదోరోజు తాబేలు వచ్చి పక్కన నిలబడి చాలాసేపు చూసింది.

"తల్లీ, ఇంక వదిలెయ్యి. అవి పుట్టవు," అంది.

నీలాలు తోక ఊపడం ఆపింది.

అదేరోజు కప్ప ఒక కబురు తెచ్చింది. "రేపు పొద్దున కళ్ళం దగ్గర తడి వంతుల పంచాయితీ ఉంది. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్ళు పెట్టాలో తేలుస్తారు. అడవిలో సేద్యం చేసేవాళ్ళంతా వస్తున్నారు. ముళ్ళయ్య మామ తన మందు సంగతి అందరికీ చెబుతాడట. తలా ఒక డబ్బా తెప్పిస్తాడట."

మడుగులో మిగిలిన చేపలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఒక్క పొలం మందుకే ఇట్లా ఉంది. గట్టు పొడవునా అన్ని పొలాల మందూ దిగితే ఇంకేం మిగులుతుంది?

"మళ్ళీ ఎవర్ని పంపుదాం?" అంది ఒక జెల్ల.

"ఎవర్నీ పంపవద్దు," అంది నీలాలు. "నేనే పోతాను. చచ్చినవాటిని చూపించమన్నాడు కదా. చూపిస్తాను."

గూడులో తెల్లబడిన గుడ్లు నోటినిండా తీసుకుంది. మిగతావి అక్కడే వదిలేసింది. తెల్లవారాక, వాన పడుతుండగా, ఒడ్డుకి ఎగిరి గట్టెక్కింది.

కళ్ళం వాగుకి దగ్గరేమీ కాదు. పొలాల మధ్య సన్నటి గట్టుమీద నుంచి పోవాలి. నీలాలు కడుపుతో పాకింది, రెక్కలతో తోసుకుంది, తోకతో నెట్టుకుంది. రాళ్ళకి పొట్ట గీసుకుపోయింది. నోరు తెరిచి గాలి మింగితే గుడ్లు జారిపోతాయి. అందుకని పెదాల సందులోంచి కొంచెం కొంచెం పీల్చుకుంటూ పోయింది. వాన పడుతున్నంతసేపూ ఎలాగో సాగింది. సగం దారి దాటాక వాన వెలిసింది. ఎండ కాసింది. గట్టుమీద తడి ఆరుతోంది. నీలాలు ఒంటిమీద జిగురు ఆరుతోంది. ఇంక కదలలేక ఆగిపోయింది.

అప్పుడు ఒక నీడ మీద పడింది. నీలాలు పైకి చూసింది. కొంగ. ఎడమ కాలిమీద పాత గాటు ఉంది. గవరయ్య కొరికిన కొంగ.

నీలాలు కదలలేదు. అరవలేదు. నోటినిండా గుడ్లున్నాయి. కళ్ళతో చూస్తూ పడి ఉంది.

కొంగ తల వంచి నోట్లో ఏముందో చూసింది. "నీకొక మాట చెప్పాలి," అంది. "నీ మగణ్ణి తిన్నది నేనే."

నీలాలు కళ్ళు పెద్దవయ్యాయి.

"పోయినేడు నా కాలు విరగ్గొట్టినంత పని చేశాడు. ఈ ఏడు గూడు పక్కన అడుగుపెట్టాను. ఎగురుతాడని చూశాను. నా కాలి దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు, కదలలేదు. ముక్కుతో పట్టుకున్నాను. అప్పుడూ తోక ఆడించలేదు. నేను వేటాడలేదమ్మా. రాలిన కాయని ఏరుకున్నట్టు ఏరుకున్నాను."

కొంగ మడుగు వైపు ముక్కు తిప్పింది.

"ఆకలికి చంపడం నా పని. దానికి నేను క్షమాపణ అడగను, నువ్వూ ఇయ్యవు. కానీ నేను ఒక్కదాన్ని పట్టేటప్పుడు పది పారిపోతాయి. పారిపోయినవి మళ్ళీ పిల్లల్ని పెడతాయి. ఈ నెలంతా నీ మడుగులో ఏ చేపా నా నుంచి పారిపోలేదు. ఇప్పుడు పట్టుకుందామన్నా చేపలు లేవు. ఉన్నవి ఎముకలూ పుళ్ళూ. గూట్లో నా పిల్లలు మూడు ఉండాలి. ఒక్కటే ఉంది."

గట్టుమీద ఎండ ఇంకా ముదిరింది. కొంగ తన ముక్కు తెరిచి నేలకి ఆనించి పెట్టింది.

"ఎక్కడికి పోతున్నావో నాకు తెలుసు. ఎక్కు. నమ్మకపోతే ఇక్కడే ఎండిపో. నీ ఇష్టం."

మగణ్ణి తిన్న ముక్కు అది. నీలాలుకి ఇంకో దారి లేదు. మిగిలిన బలమంతా కూడదీసుకుని ఆ ముక్కులోకి పాకింది. కొంగ ముక్కు మెల్లగా మూసి, రెక్కలు విప్పి లేచింది.

కళ్ళం దగ్గర పంచాయితీ జోరుగా సాగుతోంది. ఏనుగు పెద్దమ్మ మధ్యలో కూర్చుని ఉంది. అడవిపంది, దుప్పి, కుందేళ్ళు, ఎలుగు, బాతులు చుట్టూ ఉన్నారు. ముళ్ళయ్య నిలబడి చెబుతున్నాడు.

"నా పొలం చూశారుగా. ఒక్క గడ్డిపరక లేదు. పది రోజుల పని ఒక్కపూటలో అయిపోయింది. మీకందరికీ తెప్పిస్తాను."

"చేపలకేదో అవుతోందని కప్ప అంటోంది," అంది కుందేలు.

"అంటుంది. అనడమే గాని ఇంతవరకు ఒక్క చచ్చిన చేపని తెచ్చి చూపించలేదు. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ వట్టి చేతులతో వచ్చారు."

అప్పుడే కొంగ దిగింది. ముక్కు తెరిచి నీలాలుని కళ్ళం మధ్యలో పెట్టింది. అందరూ వెనక్కి జరిగారు. ఏనుగు పెద్దమ్మ తన పక్కనున్న తొట్టిలోంచి తొండంతో నీళ్ళు తీసి నీలాలు మీద పోసింది.

నీలాలు నోరు తెరిచింది. తెల్లటి గుడ్లు కళ్ళంమీద కుప్పగా పడ్డాయి. గాలి గట్టిగా మింగింది. అప్పుడు మాట్లాడింది.

"చచ్చినవాటిని చూపించమన్నావు ముళ్ళయ్యా. తీసుకొచ్చాను."

ముళ్ళయ్య వంగి చూశాడు. "ఇవి గుడ్లు," అన్నాడు.

"అవును, గుడ్లు. శవాలేవని అడుగుతున్నావు. శవం కావాలంటే ముందు పుట్టాలి. నా పిల్లలు పుట్టలేదు. కన్ను కూడా రాలేదు. అయిదు రోజులు తోకతో విసురుతూ కూర్చున్నాను. నువ్వేమో ఎన్ని చచ్చాయి, ఎన్ని చచ్చాయి అని లెక్క అడుగుతున్నావు. పుట్టనివాటిని ఎట్లా లెక్కపెట్టను? నువ్వు లెక్కపెట్టు. ఇవిగో నీ ముందున్నాయి. ఒక్కొక్కటి లెక్కపెట్టు."

కొంగ ముందుకొచ్చి, గవరయ్య ఎట్లా పోయాడో గట్టుమీద చెప్పినట్టే అందరికీ చెప్పింది. చేపల్ని తిని బతికే కొంగ చేపల తరపున మాట్లాడడం అక్కడ ఎవరూ అంతకుముందు వినలేదు.

ముళ్ళయ్య గొంతు తగ్గింది. "నేను డబ్బామీద రాసినట్టే చేశాను," అన్నాడు.

"ఏం రాసి ఉంది?" అంది ఏనుగు పెద్దమ్మ.

"కలుపు చస్తుందని."

ముళ్ళయ్య పెళ్ళాం లేచి ఇంటికి వెళ్ళి డబ్బా పట్టుకొచ్చింది. తనకి చదువు రాదు. దుప్పి చేతికిచ్చింది. "పైనుంచి కిందిదాకా చదువు. ఏదీ వదలవద్దు," అంది.

దుప్పి చదివింది. నీళ్ళు వదలకూడదనేది చదివింది. వాగు పక్కన చల్లకూడదనేది చదివింది. డబ్బా కడగకూడదనేది చదివింది. చేపలకి హాని అన్న ఎర్ర అక్షరాలూ చదివింది.

ముళ్ళయ్య పెళ్ళాం మగడి వైపు తిరిగింది. "ఆరోజు నేను పక్కనే నిలబడి అడిగాను," అంది. "నా పిల్లలు ఆ రేవులోనే స్నానం చేస్తున్నారు. నాతో ఎందుకు చెప్పలేదు?"

ముళ్ళయ్య ముళ్ళన్నీ వాలిపోయాయి. "నాలుగు వరసలు మునిగిపోతాయని గండి కొట్టాను. ఒక్కసారే కదా అనుకున్నాను," అన్నాడు.

"ఒక్కసారి నీకు," అంది నీలాలు. "నాకు ఈ ఏటి పిల్లలన్నీ పోయాయి."

అడవిపంది తల దించుకుని మెల్లగా జారుకోబోయింది. ఏనుగు పెద్దమ్మ తొండం అడ్డం పెట్టింది.

"ఎవరూ కదలవద్దు," అంది. "తప్పు ముళ్ళయ్య ఒక్కడిదే అయితే ఎంత బావుండేది. నాచు కుళ్ళిన వాసన మీ ముక్కులకి రాలేదా? అందరికీ వచ్చింది. అయినా అతని పొలం చూసి ఆశపడ్డారు. నేనేం తక్కువ తినలేదు. నెలరోజులుగా ఆ మడుగులో నీళ్ళు తాగడం మానేసి పైన రేవులో తాగుతున్నాను. నీళ్ళు బాగాలేవని నాకు తెలిసింది. నా వరకు నేను జరిగిపోయాను. ఎవరితోనూ చెప్పలేదు. ఈ తల్లి పొట్ట చీరుకుంటూ ఇక్కడిదాకా రావలసి వచ్చిందంటే, అందులో నా మౌనం కూడా ఉంది."

ఆ తరువాత తీర్పు చెప్పింది. వాగు గట్టున ఏ పొలంలోనూ ఆ మందు వాడకూడదు. పొలానికీ వాగుకీ మధ్య పది బారల గడ్డిపట్టీ వదలాలి. ముళ్ళయ్య పొలంలోంచి నీళ్ళు నేరుగా వాగులోకి పోకుండా పక్కన గుంట తవ్వాలి. ఆ గుంట ముళ్ళయ్యే తవ్వాలి. కుళ్ళిన నాచుని మడుగులోంచి అందరూ కలిసి తియ్యాలి. కలుపు తియ్యడానికి నడుములు పోతున్నాయి కాబట్టి, ఇకమీదట ఒక పొలంలో కలుపు తీసేరోజు మిగతా అందరూ అక్కడికి రావాలి.

"ఇంతకీ నాకేం శిక్ష?" అన్నాడు ముళ్ళయ్య.

"ఆ గుడ్లని నువ్వే ఎత్తి పాతిపెట్టు," అంది ఏనుగు పెద్దమ్మ. "చేత్తో ఎత్తు. పారతో వద్దు."

ముళ్ళయ్య కూర్చుని ఒక్కొక్క గుడ్డూ ఎత్తాడు. అంత మెత్తటివాటిని పగలకుండా ఎత్తడం ఏదుపంది గోళ్ళకి కష్టం. మధ్యాహ్నందాకా పట్టింది; అంతసేపూ నీలాలుని ఏనుగు పెద్దమ్మ తొట్టి నీళ్ళలో ఉంచింది. అందరూ నిలబడి చూశారు. అతని పెళ్ళాం కూడా నిలబడి చూసింది గాని, సాయం చెయ్యలేదు.

పాతిపెట్టి వచ్చి నీలాలు ముందు నిలబడ్డాడు. "నన్ను క్షమించమ్మా," అన్నాడు.

"ఆ మాట నాకు వద్దు," అంది నీలాలు. "నేను క్షమిస్తే నీకు బావుంటుంది. నా మడుగుకి ఏం బావుంటుంది? గండి మూసి రా."

ఏనుగు పెద్దమ్మ నీలాలుని తొండంలో పెట్టుకుని మడుగుకి తీసుకెళ్ళి దింపింది.

పిల్లలూ, ఆ తరువాత అంతా బాగైపోయిందని చెప్పమంటారు మీరు. చెప్పను. ఆ ఏడు మడుగులో ఒక్క పిల్లచేప కూడా కనబడలేదు. మరుసటి ఏడు నాచు అక్కడక్కడా చిగురించింది. పరిగెలు ఎగువ నుంచి కొన్ని దిగి వచ్చాయి గాని, పాత పరిగెల గుంపు మళ్ళీ రాలేదు. బొచ్చెలు అసలే రాలేదు. పాడుచెయ్యడానికి ఒక్కపూట చాలింది. బాగుచెయ్యడానికి ఏళ్ళు పట్టాయి.

మూడో ఏడు వానాకాలంలో నీలాలు ఇంకో కొర్రమీనుతో జతకట్టి గుడ్లు పెట్టింది. కొన్ని తెల్లబడ్డాయి. కొన్ని పచ్చగా ఉండి పిల్లలయ్యాయి. పిల్లలు ఎర్రటి మబ్బుతునకలా తల్లి వెనక కదిలాయి.

ముళ్ళయ్య పొలంలో అందరూ కలుపు తీస్తున్నారు. నడుం పట్టుకుని లేచి, అతను వాగు వైపు చూశాడు. నీళ్ళలో ఎర్రగా ఏదో కదులుతోంది. గడ్డిపట్టీ దాటి ఒడ్డుకి వచ్చి, వంగి చూశాడు. అతని మొహం విచ్చుకుంది.

"ఎన్నున్నాయమ్మా?" అన్నాడు.

నీలాలు నీళ్ళు చిమ్ముతూ పైకి లేచి, పిల్లలకీ అతనికీ మధ్య అడ్డంగా నిలబడింది.

"దూరంగా నిలబడి చూడు," అంది.

ముళ్ళయ్య నాలుగు అడుగులు వెనక్కి వేసి, అక్కడ నిలబడి చూశాడు.

నీతి: హాని అని తెలిసీ చేసినవాడు, చూసీ తనకెందుకులే అని పక్కకి జరిగినవాడు, ఇద్దరూ దోషులే. శవాలు కనబడేదాకా ఆగితే, కాపాడడానికి ఎవరూ మిగలరు.